నెపోలియన్ కాలపు సైనికులకు అంత కొట్టొచ్చినట్టు కనిపించే రంగులెందుకు? కోటు చూసి ఏ దేశపు సైన్యమో చెప్పొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 1815లో నెపోలియన్ చివరిసారి ఓడిన వాటర్‌లూ యుద్ధపు బొమ్మల సెట్ కొన్నారు, రంగులు వేయాలి. తుపాకులు పేలే చోట అల్లంత దూరం నుంచే కనిపించే ఎరుపు, తెలుపు, నీలం కోట్లు ఎందుకు తొడిగారో మీకు అంతుపట్టడం లేదు. ఇక రెండోది, ఎర్ర కోటయితే ఇంగ్లీషువాడు, నీలం కోటయితే ఫ్రెంచివాడు అనుకుని రంగేస్తే సరిపోతుందా అని.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఆ రంగులు కనిపించడం కోసమే. ఆనాటి సేనాధిపతికి తన మనుషులు శత్రువు కంటపడతారన్న బెంగ తక్కువ. పొగలో తనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో తనకే తెలియకుండా పోతుందన్న భయం ఎక్కువ. ఇక రెండోదానికి జవాబు: సరిపోదు. ముందు టోపీ ఆకారం చూడాలి, తర్వాత కోటు ముందుభాగం కుట్టిన తీరు, ఆ తర్వాత కాలరు, కఫ్‌ల రంగు, గుండీలు. కోటు రంగు వీటన్నిటి తర్వాతే. వాటర్‌లూ మైదానంలో నీలం కోట్లు రెండు వైపులా ఉన్నాయి. ఆ రోజు అక్కడున్నవాళ్ళే రంగును నమ్ముకుని సొంతవాళ్ళ మీద కాల్పులు జరిపారు.

ఈ కాలపు లోహపు బొమ్మలకు రంగులు వేయడం నా పని, ఎక్కువగా 28 మిల్లీమీటర్ల సైజువి. ఎవరైనా ఒక పటాలం పేరు చెప్పి బొమ్మలు పంపితే, ఆ పటాలం ఏం వేసుకోవాలని నిబంధనల్లో రాసిందో చూసి అక్కడితో ఆగను. ఆ ఏడాది, ఆ యుద్ధం నాటికి వాళ్ళ ఒంటి మీద నిజంగా ఏముందో వెతుకుతాను. రాసిన యూనిఫాం ఒకటి, తొడిగిన యూనిఫాం ఇంకొకటి. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే మీ రెండు ప్రశ్నలూ ఒకేసారి విడిపోతాయి.

పొగ సంగతి

అప్పటి తుపాకీమందు గంధకం, బొగ్గు, సురేకారం కలిపి చేసింది. కాలితే అందులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలి, తెల్లటి దట్టమైన పొగై గాల్లో నిలిచిపోతుంది. దీపావళి రాత్రి గాలి లేనప్పుడు మన వీధి చివర ఇల్లు కనపడదు చూశారా, అలాంటిది కొన్ని వేల తుపాకులు, వందల ఫిరంగులు గంటల తరబడి పేలితే ఎలా ఉంటుందో ఊహించండి. పైగా మస్కెట్ అనే అప్పటి మామూలు తుపాకీకి గొట్టం లోపల నున్నగా ఉండేది. వంద గజాలు దాటాక ఒక మనిషిని గురిచూసి కొట్టడం దాదాపు అసాధ్యం. అందుకే మనుషుల్ని భుజానికి భుజం ఆనించి, బ్రిటిష్ వాళ్ళయితే రెండు వరుసలుగా, మిగతావాళ్ళు ఎక్కువగా మూడు వరుసలుగా నిలబెట్టి అందరిచేతా ఒకేసారి కాల్పించేవారు. అలా నిలబడ్డ ఆరువందల మంది గోధుమరంగు తొడుక్కున్నా దాక్కోలేరు. దాక్కోవడానికి వీల్లేనప్పుడు రంగు ఇంకో పనికి వస్తుంది. దళపతి దూరం నుంచి తన పటాలాన్ని గుర్తుపడతాడు. సైనికుడు పక్కవాణ్ణి చూసి వరుసలో నిలుస్తాడు. గుర్రం మీద వచ్చే వార్తాహరుడు ఎవరి దగ్గరికి పోవాలో తెలుసుకుంటాడు.

వాళ్ళకు మరుగు రంగుల సంగతి తెలియదని మాత్రం అనుకోకండి. 1800 ప్రాంతంలో చార్లెస్ హామిల్టన్ స్మిత్ అనే బ్రిటిష్ అధికారి ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగు గురిపలకల మీద రైఫిళ్ళతో కాల్పించి చూశాడు. ఎర్రవాటికి ఎక్కువ దెబ్బలు తగిలాయి, బూడిదరంగువాటికి తక్కువ. ఈ తెలివిని అవసరమైన చోట వాడుకున్నారు కూడా. విడివిడిగా చెట్ల చాటున, గట్ల చాటున పోరాడే రైఫిల్ దళాలకు మరుగు రంగులే ఇచ్చారు. బ్రిటిష్ 95వ పటాలానికి ముదురాకుపచ్చ, పోర్చుగీసు కసదోర్‌లకు గోధుమరంగు, ఆస్ట్రియా యేగర్‌లకు బూడిదరంగు. దాక్కునే పని ఉన్నవాడికి దాక్కునే రంగు, నిలబడే పని ఉన్నవాడికి నిలబడే రంగు.

మరి ఒక్కో దేశానికి ఒక్కో రంగు ఎలా వచ్చింది?

ఇక్కడ నలుగురూ నమ్మే ఒక కథను పక్కన పెట్టాలి. రక్తం కనపడకూడదని ఇంగ్లీషువాళ్ళు ఎరుపు ఎంచుకున్నారని చాలామంది చెప్తారు. అది నిజం కాదు. ఉన్ని మీద రక్తం ఎండితే నల్లగా కనిపిస్తుంది, ఎర్రకోటు మీద కూడా. ఆ ఎర్రకోటు మీదే ఛాతీకి అడ్డంగా తెల్లటి తోలుపట్టీలు రెండు ఉండేవి. రక్తం దాచడమే ఉద్దేశమైతే ఆస్ట్రియా మొత్తం పదాతిదళానికి తెల్లకోట్లు తొడిగేదా?

అసలు కారణం రంగు ధర, దాని దొరుకుబాటు, దాని వెనకున్న ఆనవాయితీ. ఇంగ్లండులో 1645లో పార్లమెంటు కట్టిన కొత్త సైన్యం ఎరుపు తొడిగింది, ఆ ఆనవాయితీ కొనసాగింది. మామూలు సైనికుడి కోటుకు మన మంజిష్ఠ జాతికే చెందిన మాడర్ అనే వేరు రంగు అద్దేవారు. అది చవక. కొత్తలో ఇటుక ఎరుపు, కొన్నాళ్ళకు ఎండకీ వానకీ వెలిసి గోధుమ కలిసిన ఎరుపు. అధికారి మాత్రం తన డబ్బుతో కుట్టించుకునేవాడు. అతని కోటుకు కొచినియల్ అనే పురుగు నుంచి తీసిన ఖరీదైన రంగు. అది నిప్పులాంటి సింధూరపు ఎరుపు. బొమ్మలకు రంగేసేటప్పుడు ఈ రెండు ఎరుపుల తేడా చూపిస్తే చాలు, వరుసలో అధికారి తనంతట తానే తేలతాడు. నేను చూసే చాలా సెట్లలో ఈ ఒక్క సంగతి వదిలేసి అందరికీ ఒకే డబ్బాలో ఎరుపు పులుముతారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

నీలానికి నీలిమందు కావాలి. అది సముద్రం మీదుగా రావాలి, ఆ సముద్రం బ్రిటిష్ నౌకాదళం చేతిలో ఉంది. అప్పటికి బెంగాల్ నీలిమందు లండన్ మార్కెట్‌ను ముంచెత్తుతోంది, ఫ్రాన్సుకేమో కరువు. 1806లో నెపోలియన్ తన పదాతిదళాన్ని తెల్లకోట్లకు మార్చమని ఆజ్ఞ ఇచ్చాడు. కొన్ని పటాలాలకు తెల్లకోట్లు అందాయి కూడా. తెలుపు అంటే రంగే అద్దని ఉన్ని, కాబట్టి నీలిమందు ఖర్చు తప్పుతుంది. కానీ మట్టిలో పడుకుని లేచే మనిషి ఒంటి మీద అది నిలవలేదు, 1807 నుంచి మళ్ళీ నీలానికే వెళ్ళారు. 1807 ఫిబ్రవరిలో ఐలావు యుద్ధంలో తెల్లకోట్ల మీద రక్తం చూసి చక్రవర్తి మనసు మార్చుకున్నాడని ఒక కథ చెప్తుంటారు. నాకు ఖర్చు, మురికి, సైనికుల అయిష్టం ఈ మూడూ చాలనిపిస్తాయి. ఆ తర్వాత 1811లో వోడ్ అనే దేశీ మొక్క నుంచి నీలం తీయించడానికి ప్రభుత్వమే పూనుకుంది. అంటే ఫ్రెంచి నీలం కోటు వెనక ఒక వాణిజ్య యుద్ధమే ఉంది.

ఆస్ట్రియా తెలుపు కూడా ఇంతే, చవక. కోటు మాసిపోతే పైప్‌క్లే అనే తెల్లసుద్ద పూసి మెరిపించేవారు. కాబట్టి బొమ్మ మీద మెరిసే తెల్లరంగు నేరుగా వేయకండి. ఉన్నికి కొద్దిగా పసుపు కలిసిన తెలుపు వేయండి, సుద్ద పూసిన తోలుపట్టీలకు మాత్రం శుద్ధమైన తెలుపు.

సరే, చూసి పోల్చుకోవడం ఎలా?

నేను వాడే వరుస చెప్తాను. మొదట తల. పైకి పొడుగ్గా, ముందుభాగం నుదుటి మీద గోడలా లేచి, పక్కగా అల్లిన తాడు వేలాడుతుంటే అది 1812లో బ్రిటిష్ వాళ్ళు ప్రవేశపెట్టిన షాకో (గట్టిగా నిలబడే సైనిక టోపీ). కిందకంటే పైన వెడల్పుగా గంటను తిరగేసినట్టుంటే ఫ్రెంచి షాకో. పైభాగం మధ్యలో లోపలికి గుంటపడితే రష్యన్ల 1812 నాటి కివెర్. తోలు హెల్మెట్ మీద నల్లటి గొంగళిపురుగు లాంటి కుచ్చు నుదుటి నుంచి వెనక్కి పాకితే దక్షిణ జర్మనీలోని బవేరియా. టోపీ మొత్తం నల్ల మైనపుగుడ్డలో చుట్టేసి ఉంటే, కింద బూడిదరంగు పంట్లాం ఉంటే, ముందు ప్రష్యా (ఉత్తర జర్మనీలోని రాజ్యం) అని అనుమానించండి.

తర్వాత కోటు ముందుభాగం. ఒకే వరుస గుండీలు, ప్రతి గుండీ దగ్గరా అడ్డంగా తెల్లటి నాడా కుట్టి ఉంటే బ్రిటిష్. ఛాతీ మీద రెండువైపులా తెల్లటి లాపెల్స్ (వెనక్కి మడిచిన కోటు అంచులు) ఉంటే ఫ్రెంచి. 1812 నిబంధనల్లో లాపెల్స్‌ను నడుము దాకా మూసేసి, కోటు తోకలు కురచ చేశారు. రెండు వరుసల గుండీలతో మూసిన కోటయితే ప్రష్యా గానీ రష్యా గానీ. నీలమైతే మొదటిది, ముదురాకుపచ్చయితే రెండోది. ఒకే వరుస గుండీలు, నాడాల్లేని తెల్లకోటు అయితే ఆస్ట్రియా. దాని కింద కాళ్ళకు అతుక్కున్న నీలం పంట్లాం ఉంటే ఆ పటాలం ఆస్ట్రియా ఏలుబడిలోని హంగేరీది.

మూడోది కాలరు, కఫ్‌లు. పటాలం గుర్తు ఇక్కడ ఉంటుంది. వాటర్‌లూలో పోరాడిన బ్రిటిష్ హాల్కెట్ బ్రిగేడ్ (నాలుగు పటాలాల దళం) తీసుకోండి. 30వ పటాలానికి లేత పసుపు, 33వ దానికి ఎరుపు, 69వ దానికి ఆకుపచ్చ, 73వ దానికి ముదురాకుపచ్చ. ఒక్క బ్రిగేడ్‌లో నాలుగు రకాలు! 33వ పటాలం కోటూ ఎరుపే, కాలరూ ఎరుపే కాబట్టి కొత్తవాళ్ళు రంగేయడం మర్చిపోయారనుకుంటారు. అది అలాగే ఉండాలి. రాజుగారి పేరున్న పటాలాలకు నీలం కాలరు. ప్రష్యాలో 1808 తర్వాత రాష్ట్రాన్ని బట్టి రంగు: పశ్చిమ ప్రష్యాకు ముదురు గులాబీ కలిసిన ఎరుపు, పొమెరేనియాకు తెలుపు, సిలీషియాకు పసుపు. ఫ్రెంచి సైనికుల కాలర్లు దాదాపు అందరివీ ఒకటే కాబట్టి అక్కడ గుండీ మీది అంకె చూడాలి, లేదా షాకో మీది చిన్న బంతి. 1810 నుంచి ఫ్యూజిలియర్ (మామూలు సైనికుల) కంపెనీలకు ఆ బంతి ముదురాకుపచ్చ, ఆకాశనీలం, నారింజ, ఊదా. గ్రెనేడియర్‌కు (ఏరికోరిన దిట్టమైన సైనికుడికి) ఎర్ర భుజకీర్తులు, వోల్టిజర్‌కు (ముందుండి విడిగా పోరాడే చురుకైనవాడికి) పసుపు కాలరు.

డప్పులు కొట్టేవాళ్ళను మాత్రం వేరే లెక్కలో పెట్టుకోండి. పొగలో ఆజ్ఞ చేరవేసేది డప్పు చప్పుడే కాబట్టి వాళ్ళు దూరానికి వేరుగా కనపడాలి. బ్రిటిష్ పటాలాల్లో డప్పువాడి కోటు చాలావరకు ఆ పటాలం కాలరు రంగులో ఉంటుంది, అంటే పసుపు కాలరు పటాలంలో పసుపు కోటు. ఫ్రెంచివాళ్ళు 1812 నాటికి డప్పువాళ్ళకు చక్రవర్తి పరివారపు ఆకుపచ్చ కోటు పెట్టారు.

రంగు నమ్ముకుని మోసపోయిన రోజులు

ఇన్ని గుర్తులు పెట్టుకున్నా పొగలో ఏం జరిగిందో చూడండి. 1809 జూలై 5 సాయంత్రం, ఆస్ట్రియాలో వాగ్రాం. నెపోలియన్ వైపు పోరాడుతున్న సాక్సన్ల (జర్మనీలోని సాక్సనీ రాజ్యపు సైనికుల) కోట్లు తెలుపు. ఎదురుగా ఉన్న ఆస్ట్రియన్ల కోట్లూ తెలుపే. మసక చీకట్లో ఫ్రెంచి సేనాని మక్‌డొనాల్డ్ దళం సాక్సన్లను శత్రువులనుకుని కాల్చింది.

1815 జూన్ 16, వాటర్‌లూకు దగ్గర్లోని కాత్ర్ బ్రా. బ్రిటిష్ పక్షంలో ఉన్న బెల్జియన్ల 5వ లైట్ డ్రగూన్ ఆశ్విక దళం ఆకుపచ్చ కోట్లలో ఫ్రెంచి ఆశ్వికులతో తలపడి వెనక్కి వస్తుంటే బ్రిటిష్ సైన్యంలోని స్కాట్లండ్ హైలాండర్లు వాళ్ళను షస్సర్లనే ఫ్రెంచి ఆశ్వికులనుకుని తుపాకులెక్కుపెట్టారు. రెండు రోజుల తర్వాత వాటర్‌లూలో, పాపెలోత్ పొలాల దగ్గర బ్రిటిష్ పక్షాన నసావు అనే చిన్న జర్మన్ రాజ్యపు సైనికులు పొద్దంతా కాచుకున్న చోటికి సాయానికొచ్చిన ప్రష్యన్లు వాళ్ళ మీదే కాల్పులు మొదలుపెట్టారు. అందులో ప్రష్యన్ల తప్పు ఏముంది? నసావు రాజ్యం ఏడాదిన్నర కిందటి దాకా నెపోలియన్ పక్షం. దాని కోట్ల కోత, షాకోల ఆకారం ఇంకా ఫ్రెంచి ఫ్యాషనే. రాజు పక్షం మార్చినంత తేలిగ్గా దర్జీ దుకాణం మారదు.

అందుకే అదనపు గుర్తులు పుట్టాయి. ఆస్ట్రియన్లు యుద్ధానికి దిగేముందు టోపీలో ఓక్ కొమ్మ గుచ్చుకునేవారు. 1814లో ఫ్రాన్సులోకి దిగిన కూటమి సైన్యాల్లో రష్యన్, ఆస్ట్రియన్, ప్రష్యన్, బవేరియన్, ఇలా ఎవరి రంగు వాళ్ళది కావడంతో అందరూ చేతికి తెల్లగుడ్డ కట్టుకోవాలని ఆజ్ఞ వచ్చింది. ఫ్రాన్సు పాత రాజవంశమైన బూర్బన్‌ల రంగు తెలుపు కాబట్టి ఫ్రాన్సులో రాజపక్షంవాళ్ళు దాన్ని తమకు మద్దతుగా అనుకుని సంబరపడ్డారట.

ఈ విషయంలో బ్రిటిష్ సేనాధిపతి వెల్లింగ్టన్ ముందుచూపు నాకు చాలా నచ్చుతుంది. 1811 నవంబరులో, లండన్‌లో లైట్ డ్రగూన్‌ల యూనిఫాంను ఫ్రెంచి పోకడకు మార్చబోతున్నారని విని ఆయన స్పెయిన్ సరిహద్దు నుంచి ఉత్తరం రాశాడు. మేము ప్రతి విషయంలోనూ ఫ్రెంచివాళ్ళకు వీలైనంత వేరుగా ఉండాలి అని. దూరం నుంచి అంచనా వేసేటప్పుడు రంగుకంటే ఆకారం ముఖ్యం అన్నది ఆయన బాధ. లండన్ వినలేదు, 1812లో మార్చేశారు. కాబట్టి మీ సెట్లో నీలం కోటు, ఛాతీ మీద రంగు లాపెల్స్, పైన వెడల్పైన షాకో ఉన్న బ్రిటిష్ ఆశ్వికుడు కనిపిస్తే ఫ్రెంచివాడనుకుని పక్కన పెట్టకండి.

రాసింది వేరు, తొడిగింది వేరు

నిబంధనల పుస్తకాల్లోని రంగు చిత్రాలు కవాతు మైదానానివి. సైనికుడు రోజుకు ఇరవై, ముప్పై కిలోమీటర్లు నడుస్తూ, అదే కోటులో పడుకుని, అదే కోటులో వంట చేసుకుంటాడు. స్పెయిన్‌లో ఏళ్ళ తరబడి పోరాడిన రెండు సైన్యాలూ అక్కడి గోధుమరంగు ముతక ఉన్నితో, మఠాల్లో సన్యాసులు కట్టే గుడ్డతో సహా, పంట్లాలు కుట్టించుకున్నాయి, మాసికలు వేయించుకున్నాయి. కనాట్ రేంజర్స్ అనే బ్రిటిష్ పటాలంలో అప్పటి అధికారి విలియం గ్రాటన్ తన జ్ఞాపకాల్లో రాశాడు: మనిషికి అరవై తూటాలు సరిగ్గా ఉంటే చాలు, పంట్లాం నలుపా నీలమా బూడిదా అని వెల్లింగ్టన్ పట్టించుకునేవాడు కాదని. వెల్లింగ్టన్ వాటర్‌లూకు వెళ్ళింది కూడా మామూలు నీలం కోటులో. అదే యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ జనరల్ పిక్టన్ సామాను అందక పౌరుల దుస్తుల్లోనే గుర్రమెక్కాడు.

డబ్బు లేని సైన్యం ఇంకా చిత్రంగా ఉంటుంది. 1806లో యేనా దగ్గర నెపోలియన్ చేతిలో కుప్పకూలిన ప్రష్యా, 1813లో మళ్ళీ లేచేసరికి ఖజానా ఖాళీ. రిజర్వు పటాలాలు బ్రిటన్ ఓడల్లో పంపిన కోట్లు తొడిగాయి, కొన్ని ఆకుపచ్చ, కొన్ని నీలం. లాండ్‌వేర్ (పౌరులతో కట్టిన సహాయ సైన్యం) దళంవాళ్ళు మోకాళ్ళ దాకా వచ్చే సాదా కోటు, తెల్ల శిలువ బిళ్ళ కుట్టిన గుడ్డటోపీతో యుద్ధానికి వెళ్ళారు. ల్యుట్సోవ్ స్వచ్ఛంద దళంలో చేరినవాళ్ళు ఇంటి నుంచి ఏ రంగు కోటు తెచ్చుకున్నా దాన్ని నలుపులో ముంచారు. ఏ రంగునైనా మింగేది నలుపే కాబట్టి. దానికి ఎర్ర అంచులు, ఇత్తడి గుండీలు. జర్మనీ జెండాలోని నలుపు, ఎరుపు, బంగారు రంగులకు మూలం ఆ కోటే అని చాలామంది చెప్తారు.

నెపోలియన్ సైన్యానికీ 1815లో ఇదే గతి. ప్రవాసంలో ఉంచిన ఎల్బా దీవి నుంచి తిరిగొచ్చిన మూడు నెలల్లో సైన్యాన్ని కూడగట్టాడు. 11వ క్యూరాసియర్ ఆశ్విక పటాలానికి ఆ పేరు తెచ్చిన ఉక్కు కవచాలే అందలేదు. ఇంపీరియల్ గార్డు, అంటే నెపోలియన్ ఏరికోరిన దళం, అనగానే అందరూ ఎలుగుబంటి తోలు టోపీలే వేస్తారు. నిజానికి చివరి దాడికి వెళ్ళిన మిడిల్ గార్డులో (అందులో ఒక భాగం) చాలామందికి అవి లేవు, షాకోలతోనే వెళ్ళారు.

అలాగని సైనికుడికి యూనిఫాం అంటే ఒట్టి గుడ్డ అనుకోవద్దు. రష్యాలో పావ్లోవ్స్కీ గ్రెనేడియర్లు 1807 ఫ్రీడ్‌లాండ్ యుద్ధంలో తూట్లు పడ్డ పాతకాలపు ఇత్తడి పలక టోపీలతోనే నిలబడ్డారు. మిగతా సైన్యమంతా షాకోలకు మారినా, 1808లో జార్ అలెగ్జాండర్ వాళ్ళ టోపీల్ని తూట్లతో సహా అలాగే ఉంచుకోమన్నాడు. వాటిని మోసిన సైనికుల పేర్లు వాటి మీద చెక్కించారు. మీరు ఆ పటాలం బొమ్మలకు రంగేసే రోజు వస్తే ఒకటి రెండు టోపీలకు సన్నటి మొనతో నల్లటి చుక్క పెట్టండి. అది వాళ్ళ గౌరవం.

దీనికి రెండో వైపు మన దక్షిణాదిలోనే ఉంది, అదీ అదే కాలంలో. మద్రాసు సైన్యంలో తమిళులతో పాటు తెలుగు సిపాయిలూ ఎర్రకోట్లు తొడిగి కంపెనీకి పనిచేశారు. సేనాధిపతి సర్ జాన్ క్రాడక్ హయాంలో 1805 చివర కొత్త తలపాగా వచ్చింది. చూడ్డానికి యూరోపియన్ల టోపీలా ఉండి, దాని మీద తోలు బిళ్ళ. దాంతోపాటు నుదుటి బొట్టు, నామం, చెవిపోగులు కవాతులో కూడదన్నారు. తోలు నెత్తిన పెట్టుకోమనడం, బొట్టు చెరపమనడం ఇటు హిందువులకూ అటు ముస్లింలకూ తమను కిరస్తానంలో కలిపే ఎత్తుగడగా కనిపించింది. 1806 జూలై 10 తెల్లవారుజామున వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. ఆర్కాటు నుంచి వచ్చిన ఆశ్వికదళం అదే రోజు దాన్ని రక్తపుటేరులో ముంచింది. తర్వాత ఆ తలపాగా రద్దయింది, క్రాడక్‌నూ గవర్నరు విలియం బెంటింక్‌నూ వెనక్కి పిలిపించారు. ఒక టోపీ ఆకారాన్ని దూరాన కూర్చున్నవాళ్ళు కాగితం మీద మారిస్తే ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ యూరప్‌లో ఎక్కడా దొరకలేదు.

ఇంకొకటి, ఎవరో ఒకరు తప్పకుండా మీకు చెప్తారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. 1812 రష్యా చలికి ఫ్రెంచి సైనికుల తగరపు గుండీలు పొడైపోయి, కోట్లు మూసుకోలేక చచ్చిపోయారనే కథ. నమ్మకండి. ఫ్రెంచి లైన్, అంటే మామూలు, పదాతిదళపు గుండీలు ఇత్తడివి. తెల్లలోహపు గుండీలు వాడిన దళాల్లోనూ అది సీసం వగైరా కలిసిన మిశ్రమం, అంత తేలిగ్గా పొడి కాదు. 2001లో లిథువేనియా రాజధాని విల్నియస్‌లో ఆ తిరోగమనంలో చనిపోయిన మూడు వేల మందికి పైగా సైనికుల సామూహిక సమాధి బయటపడింది. ఏ పటాలంవాళ్ళో గుర్తించడానికి అక్కడ ఆధారమైనవి అంకెలున్న గుండీలే.

ఇక మీ సెట్‌కు

వాటర్‌లూకు ముందురోజు, జూన్ 17 మధ్యాహ్నం నుంచి రాత్రంతా వాన. అందరూ బురదలో పడుకుని లేచినవాళ్ళు. కాబట్టి అందరికీ మోకాలి కింద, కోటు తోకల చివర్లలో తడిమట్టి రంగు వేయండి, పైకి పోయేకొద్దీ పలచబరచండి. ముఖం మీద, కుడి చెంప దగ్గర, కొద్దిగా నలుపు. తూటా కాగితం పళ్ళతో కొరికి మందు పోసేవాళ్ళు కాబట్టి.

బ్రిటిష్ పదాతిదళానికి ఇటుక ఎరుపు కోటు, బూడిదరంగు పంట్లాం. అధికారికి ఇంకా మేలైన ఎరుపు, సార్జెంటుకు ఆ రెండిటికీ మధ్యస్థంగా. 28వ పటాలమైతే పాత గొట్టం ఆకారపు షాకో, మిగతా లైన్ పటాలాల్లో ఎక్కువవాటికి ఎత్తు నుదురు షాకో. ఫిరంగి దళానికి నీలం కోటు, మర్చిపోకండి.

ప్రష్యన్లకు నలుపుకు దగ్గరైన ముదురు నీలం. టోపీ మీది మైనపుగుడ్డకు మాత్రం నిగనిగలాడే వార్నిష్ వేసి, మిగతా బొమ్మకు మెరుపు లేనిది వేయండి, తేడా బాగా కనిపిస్తుంది. సాయంత్రం ముందుగా చేరుకున్న ప్రష్యన్ సేనాని బ్యూలోవ్ దళంలో ఎక్కువమంది లాండ్‌వేర్‌వాళ్ళే. అందుకని ఆ బొమ్మల్లో పంట్లాల రంగులు కలగాపులగంగా ఉండనివ్వండి.

ఫ్రెంచివాళ్ళలో సగానికి పైగా బొమ్మలు పొడుగు పైకోట్లలో ఉంటే, అది సరైన సెట్. ఆ పైకోట్లన్నీ ఒకే రంగు వేయొద్దు. బూడిద, లేత గోధుమ, మట్టిరంగు, ఒకటో రెండో నీలం, పక్కపక్కన వేరేవి పడేలా చూసుకోండి. పైకోటు తొడిగాక కొట్టొచ్చినట్టు కనిపించేవి గ్రెనేడియర్ ఎర్ర భుజకీర్తులు, షాకో మీది రంగు బంతులు మాత్రమే. ఆ రెండిటినీ శుభ్రంగా, పదునుగా వేస్తే, మిగతాది ఎంత మాసినా పటాలం పటాలంలాగే కనిపిస్తుంది. గార్డు బొమ్మలకు ముదురు నీలం పైకోటు వేసి, అందులో కొందరికి ఎలుగుతోలు టోపీ బదులు షాకో తల అతికించండి. ఈ సైజులో తలలు విడిగా అమ్ముతారు, మార్చడం కష్టమేం కాదు.